రాజహంసల ఊరికి ఒంటె మీద: సలీం అలీ జీవితం

1945 ఏప్రిల్ నెల. కచ్ సంస్థానంలోని పెద్ద రణ్‌లో రాజహంసలు లక్షల్లో దిగి గూళ్లు కట్టుకున్నాయి. వాటిని దగ్గరి నుంచి చూసి లెక్క కట్టాలని బయలుదేరిన మనిషికి అప్పుడు 48 ఏళ్లు. పేరు సలీం అలీ. పక్షుల గురించి ఆయనకు తెలియంది తక్కువ. కానీ ఈ ప్రయాణంలో మొదటి చిక్కు పక్షులతో కాదు, దారితో.

ఆ రోజుల్లో కచ్‌కు దేశంలోని మిగతా రైలు మార్గాలతో కలయికే లేదు. సంస్థానానికి సొంతంగా ఒక చిన్న రైలు ఉండేది గానీ అది లోపల లోపలే తిరిగేది. బయటి నుంచి వచ్చేవాళ్లు చాలావరకు సముద్రం మీదనే రావాలి. రాజధాని భుజ్ చేరాక ఉత్తరం వైపు ఖావ్డా దాకా ఏదో ఒక బండి దొరుకుతుంది. ఆ తర్వాతే అసలు కథ. రణ్ అంటే నేల అనలేం, సముద్రం అనలేం. వానాకాలంలో సముద్రపు నీరు, వాన నీరు కలిసి మైళ్ల కొద్దీ పలచగా పరుచుకుంటాయి. ఎండాకాలం ముదిరితే నీరు ఇంకి పైన ఉప్పు పొర, కింద బురద మిగులుతాయి. రాజహంస గూడు కట్టేది సరిగ్గా ఆ నీళ్లు ఇంకా మిగిలి ఉన్న చోటే. పడవ వేద్దామంటే లోతు చాలదు. మోటారు తోలుదామంటే చక్రం దిగబడుతుంది. పైగా యుద్ధకాలం, పెట్రోలుకు రేషను. మిగిలిన వాహనం ఒంటె ఒక్కటే.

ఒంటె మీద వెళ్లడమంటే మరో లెక్క ఉంటుంది. తాగే నీళ్లు, రొట్టెల పిండి, కెమెరా, అన్నీ వెంట మోసుకుపోవాలి. అక్కడ చెట్టు నీడ ఉండదు, బావి ఉండదు. ముందుగా వెళ్తే బురద దాటలేరు, ఆలస్యంగా వెళ్తే పిల్లలు పెరిగి పక్షులు లేచిపోతాయి. దారి తెలిసిన స్థానికుడు లేకుండా అడుగు వేయడానికి లేదు. సలీం అలీ ఇవన్నీ చూసుకునే వెళ్లారు. లక్షకు పైగా గూళ్లు ఉన్నాయని, పెద్దవీ పిల్లలూ కలిపి దాదాపు 5 లక్షల పక్షులు ఉంటాయని ఆయన అంచనా కట్టారు. కచ్ పాలకులకు ఆ చోటు గురించి అంతకుముందే తెలుసు. లెక్క కట్టి ప్రపంచానికి చెప్పింది మాత్రం ఆయనే.

అక్కడివాళ్లు ఆ పక్షిని సుర్ఖాబ్ అని కూడా అంటారు. ఉర్దూ నిఘంటువులో సుర్ఖాబ్ అంటే వేరే పక్షి, బాతు జాతి. గొప్పలకు పోయేవాళ్లను సుర్ఖాబ్ ఈకలు మొలిచాయా అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఎత్తిపొడుస్తారు కదా, ఆ సుర్ఖాబ్ అదే. కచ్‌లో ఎర్రెర్రగా మెరిసే రాజహంసకు ఆ పేరు అంటుకుంది.

ఈ ఒంటె ప్రయాణం చేసిన మనిషి ఏదో పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసర్ అనుకుంటారు చాలామంది. ఆయనకు కనీసం బీఎస్సీ డిగ్రీ కూడా లేదు. ఆ సంగతి ఆయన జీవితాన్ని ఎన్ని మలుపులు తిప్పిందో చూస్తే ఇప్పటి పిల్లల తల్లిదండ్రులకు కాస్త ఆశ్చర్యంగానే ఉంటుంది.

1896 నవంబర్ 12న బొంబాయిలో, సులేమానీ బోహ్రా కుటుంబంలో ఆయన పుట్టారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు. తండ్రి మొయిజుద్దీన్ పోయేనాటికి బిడ్డకు ఏడాది. మూడేళ్ల వయసులో తల్లి జీనతున్నిసా కూడా ఇంతెకాల్ అయ్యారు. యతీమ్ అయిన పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ ఖేత్‌వాడీ ఇంట్లో పెట్టుకుని పెంచారు. వాళ్లకు సొంత పిల్లలు లేరు. ఆ ఇల్లు ఎప్పుడూ బంధువుల పిల్లలతో నిండి ఉండేది. ఇదే కుటుంబంలోని అబ్బాస్ త్యాబ్జీ తర్వాత గాంధీజీ వెంట నడిచి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు.

అమీరుద్దీన్ మామూకు వేట అంటే ఇష్టం. ఇంట్లో తుపాకులు ఉండేవి. పిల్లవాడికి ఆయన ఒక ఎయిర్‌గన్ ఇచ్చారు. పది పన్నెండేళ్ల వయసులో సలీం దానితో ఒక పిచ్చుకను కొట్టాడు. మామూలుగా అయితే వంటింటికి పోవాల్సిందే. కానీ దాని గొంతు దగ్గర పసుపు మచ్చ కనిపించింది. ఇంటి చూరు కింద తిరిగే పిచ్చుకకు ఆ మచ్చ ఉండదు. ఇది ఏ పక్షి, దీన్ని తినొచ్చా, హలాలేనా అన్న అనుమానం పిల్లవాడికి వచ్చింది. మామూ దగ్గరకు తీసుకెళ్తే ఆయనకూ తెలియలేదు. తెలియనప్పుడు తెలిసినట్టు మాట్లాడి పంపేయకుండా, ఆయన ఒక పరిచయ లేఖ రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. ఆ సొసైటీలో చేరిన తొలి భారతీయుల్లో అమీరుద్దీన్ ఒకరు.

అప్పట్లో సొసైటీ అంటే దొరల చోటు. చచ్చిన పిచ్చుకను కాగితంలో చుట్టుకుని వెళ్లిన పిల్లవాడు తలుపు దగ్గర ఎంత జంకి ఉంటాడో ఊహించుకోవచ్చు. గౌరవ కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిల్లార్డ్ కసరలేదు. పక్షిని చూసి పసుపు గొంతు పిచ్చుక అని చెప్పాడు. బీరువాల్లోని సొరుగులు ఒక్కొక్కటే లాగి, దూది కూరి భద్రపరిచిన వందల పక్షులను చూపించాడు. చదవడానికి పుస్తకాలు ఇచ్చాడు. పక్షి చర్మాన్ని ఎలా ఒలిచి నిలవ చేయాలో తర్వాత నేర్పించే ఏర్పాటు చేశాడు. ముసలితనంలో సలీం అలీ తన ఆత్మకథకు ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నారు. 1985లో వచ్చిన ఆ పుస్తకం పేరు ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో.

చదువు మాత్రం ఒక దారిన పడలేదు. తరచూ తలనొప్పులు వచ్చి బడి ఆగిపోయేది. గాలి మార్పు కోసం సింధ్‌లోని బంధువుల దగ్గరకు కూడా పంపారు. 1913లో ఎలాగో మెట్రిక్ గట్టెక్కాడు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరి, మొదటి ఏడాది కష్టాలకే వదిలేసి, బర్మాలోని తవోయ్‌కు వెళ్లిపోయాడు. అక్కడ కుటుంబానికి టంగ్‌స్టన్ గనుల, కలప వ్యాపారం ఉండేది. పేరుకు వ్యాపారం చూసుకోవడం, నిజానికి అడవుల్లో పక్షుల వెంట తిరగడం. వ్యాపారం ఎలా నడిచి ఉంటుందో వేరే చెప్పాలా. మోటారు సైకిళ్ల పిచ్చి కూడా ఆయనకు అక్కడే పట్టుకుంది.

1917లో బొంబాయి తిరిగొచ్చాక దావర్ కామర్స్ కాలేజీలో వాణిజ్య చట్టం, అకౌంటెన్సీ చదివారు. బీకాం చదివే మన పిల్లలకు ఇది తెలియకపోవచ్చు: దేశంలోని గొప్ప పక్షి శాస్త్రవేత్త బ్యాలెన్స్ షీట్లు కూడా నేర్చుకున్నాడు. అదే సమయంలో సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ ఆయనలోని ఆసక్తిని గుర్తించి జువాలజీ తరగతులకు రమ్మన్నారు. అలా ఒక కాలు ఖాతా పుస్తకాల్లో, ఒక కాలు ప్రయోగశాలలో. 1918 డిసెంబర్‌లో తెహ్మీనాతో నికాహ్ అయింది. దూరపు చుట్టరికమే.

జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఖాళీ అయితే దరఖాస్తు పెట్టారు. డిగ్రీ లేదని ఇవ్వలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. జీతం నెలకు 350 రూపాయలు, ఆ రోజుల్లో మంచి జీతమే. రెండేళ్లకే ఆయనకు తన చదువు చాలదనిపించింది. సెలవు పెట్టి 1928లో జర్మనీ వెళ్లారు. లండన్ మ్యూజియం వాళ్లు పెద్దగా పట్టించుకోకపోతే, బెర్లిన్‌లోని ఎర్విన్ స్ట్రెస్‌మాన్ ఆదరించి పని నేర్పాడు. సలీం అలీ జీవితాంతం గురువుగా చెప్పుకున్నది ఆయన్నే. అక్కడి నుంచి ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ అనే చిన్న దీవికి కూడా వెళ్లి, వలస పక్షులను పట్టి కాలికి ఉంగరం తొడిగి వదిలే పద్ధతి నేర్చుకున్నారు. ఆ ఉంగరం మీద నంబరు ఉంటుంది. ఆ పక్షి ఇంకో దేశంలో దొరికితే ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో తెలిసిపోతుంది. అప్పుడు నేర్చుకున్న ఆ పని 30 ఏళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

1930లో తిరిగొచ్చేసరికి ఉద్యోగం లేదు. డబ్బు లేదని ఆ పోస్టునే తీసేశారు.

పెళ్లయి పన్నెండేళ్లు. చేతిలో జర్మనీలో నేర్చుకున్న విద్య ఉంది గానీ నెల తిరిగితే జీతం లేదు. బొంబాయిలో ఇల్లు నడపడం కష్టం. దంపతులిద్దరూ నగరం వదిలి, సముద్రం అవతలి ఒడ్డున అలీబాగ్ దగ్గరున్న కిహీమ్ అనే చిన్న పల్లెకు మకాం మార్చారు. కొబ్బరి చెట్లు, ఇసుక, ఆ దగ్గర్లోనే గిజిగాళ్ల గూళ్లు.

గిజిగాడి గూడు మనకు కొత్త కాదు. ఈత చెట్టుకో తుమ్మ చెట్టుకో, బావి మీదికి వంగిన కొమ్మకో వేలాడుతుంటుంది. ఆ గూడు కట్టే పనితనాన్ని అందరూ మెచ్చుకుంటారు. ఎవరు కడతారు, ఎందుకు సగంలో ఆపుతారు అన్నది మాత్రం ఎవరూ సరిగ్గా చూడలేదు. ఉద్యోగం లేని సలీం అలీకి చూడడానికి కావలసినంత తీరిక దొరికింది. నెలల తరబడి గూళ్ల ఎదురుగా కూర్చుని రాసుకున్నారు. మగపక్షి గూడు సగం వరకు అల్లి ఆపుతుంది. ఆడపక్షులు వచ్చి, లోపల దూరి, ముక్కుతో లాగి పరీక్షిస్తాయి. నచ్చిన ఆడపక్షి గూట్లో దిగితేనే మగది మిగతా సగం, కిందికి వేలాడే గొట్టంతో సహా, పూర్తి చేస్తుంది. గుడ్లు పెట్టగానే మగది అక్కడ ఆగదు, ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని పిలుస్తుంది. అప్పటిదాకా పుస్తకాల్లో లేని ఈ సంగతితో ఆయన పేరు దేశం దాటింది. ఉద్యోగం ఊడకపోతే ఆ కిహీమ్ రోజులు దొరికేవి కావు. అయితే పేరుతో పొయ్యి వెలగదు కదా.

అప్పుడు ఆయన ఒక లెక్క వేశారు. కామర్స్ కాలేజీ చదువు వృథా పోలేదనిపించే లెక్క అది. బ్రిటిష్ ఇండియాలో పక్షుల గురించి కొంతైనా రాసి ఉంది. సంస్థానాల్లో ఏ పక్షి ఎక్కడ ఉంటుందో రికార్డే లేదు. సర్వే చేయించాలంటే శాస్త్రవేత్తకు జీతం, మనుషులు, గుడారాలు, బండ్లు కావాలి. జీతం ఖర్చు పెద్దది కాబట్టి ఏ సంస్థానమూ ముందుకు రాదు. అందుకని తన జీతాన్ని ఆయన లెక్కలోంచి కొట్టేశారు. క్యాంపు ఖర్చు, రవాణా ఖర్చు మీరు పెట్టుకోండి, నా పని ఉచితం అని సంస్థానాలకు ప్రతిపాదన పంపారు. మొదట ఒప్పుకున్న వాటిలో నిజాం సర్కారు ఒకటి. అలా 1931లో హైదరాబాద్ రాష్ట్ర పక్షుల సర్వే మొదలైంది.

తెలంగాణ వాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఇది. ఇవాళ పులుల కోసం జనం వెళ్లే అమ్రాబాద్ పీఠభూమి వైపు, నల్లమల లోపలికి ఆయన ఆ సర్వేలో క్యాంపులు వేశారు. ఆ రోజుల్లో అడవిలోకి వెళ్లడమంటే రైలు దిగిన చోటు నుంచి దారి ఉన్నంత మేర మోటారు, ఆ తర్వాత ఎడ్ల బండి, ఆ తర్వాత కాలినడక. చలిజ్వరాల భయం ఒకటి. ఎడ్ల బండి గంటకు రెండు మైళ్లు నడిస్తే గొప్ప. ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు సామాను కదలడానికే ఒక రోజు పోతుంది. ఇచ్చిన డబ్బుకు ఇన్ని రోజులే అన్న పరిమితి ఉన్నప్పుడు దారిలో పోయే ప్రతి రోజూ పక్షుల పనిలో కోతే. కాబట్టి ఎక్కడ దిగాలి, ఏ వరుసలో వెళ్లాలి, ఏ బంగళా ఖాళీగా ఉంటుంది అన్నవి ముందే ఉత్తరాలతో ఖాయం చేసుకోవాల్సిందే. సమయం విషయంలో ఆయన చాలా కచ్చితం. ఆలస్యంగా వచ్చేవాళ్లంటే ఆయనకు పడేది కాదు.

ఈ తిరుగుళ్లన్నిటిలో తెహ్మీనా వెంట ఉన్నారు. బొంబాయి ఖాందాన్‌లో పుట్టి పెరిగిన మనిషి, నెలల తరబడి గుడారాల్లో, లాంతరు వెలుతురులో కాపురం చేశారు. క్యాంపు నడిచేలా చూసుకున్నారు. సలీం అలీ జీవితం రాసేవాళ్లు ఆమెకు ఒక పేరా ఇచ్చి ముందుకు పోతుంటారు. నిజానికి జీతం లేని ఆ సర్వేలకు ఇంటి వైపు నుంచి ఒప్పుకున్నది ఆమె. ఆ ఒప్పుకోలు లేకపోతే నిజాం సర్కారుకు వెళ్లిన ప్రతిపాదన కాగితం మీదే ఆగిపోయేది.

సర్వేలో పక్షులను కాల్చేవారు. ఇది దాచాల్సిన సంగతి కాదు, ఆయన కూడా దాచలేదు. ఏ పక్షి ఏ ప్రాంతంలో ఎలాంటి ఈకతో ఉందో తేల్చడానికి అప్పట్లో చర్మం తీసి, నిలవ చేసి, మ్యూజియంలో పోల్చి చూడడమే మార్గం. ఇప్పటిలా మంచి కెమెరాలు లేవు. శాస్త్రానికి కావలసినంత వరకే చంపాలని, వినోదానికి వందల్లో కూల్చడం తప్పని ఆయన అభిప్రాయం. చనిపోయిన పక్షి చర్మం కంటే కొమ్మ మీద ఉన్న పక్షి ఏం చేస్తుందన్నదే ఆయనకు ఎక్కువ ఇష్టమైన విషయం.

హైదరాబాద్ నుంచి పంపిన చర్మాలను ఇంగ్లాండులో పరిశీలించి నోట్సు రాసింది హ్యూ విస్లర్ అనే మాజీ పోలీసు అధికారి. వీళ్లిద్దరి స్నేహం గొడవతో మొదలైంది. తోక చివర రెండు పొడవాటి తీగల్లాంటి ఈకలుండే ఒక నల్లని అడవి పక్షి విషయంలో విస్లర్ చెప్పింది తప్పని సలీం అలీ రాశారు. పేరు తెలియని ఒక హిందుస్తానీ తన తప్పు పట్టడమేమిటని విస్లర్‌కు కోపం వచ్చి, సొసైటీ పత్రిక సంపాదకులకు ఘాటుగా ఉత్తరాలు రాశాడు. తర్వాత తన దగ్గరున్న చర్మాలను మళ్లీ తీసి చూసుకుంటే సలీం అలీదే రైటని తేలింది. విస్లర్ ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి చనిపోయేదాకా మిత్రుడిగానే ఉన్నాడు. హైదరాబాద్ సర్వే ఫలితాలు ఇద్దరి పనిగా 1933 నుంచి సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చాయి.

హైదరాబాద్ తర్వాత తిరువాంకూరు, కొచ్చి. ఇంకా మరికొన్ని సంస్థానాలు. 1939లో తెహ్మీనాకు ఒక చిన్న ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఆమె కోలుకోలేదు. పిల్లలు లేరు. సలీం అలీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చెల్లాచెదురైన మనిషిని అక్క కమ్మూ, బావ హసన్ అలీ తమ ఇంటికి తెచ్చుకున్నారు. చిన్నప్పుడు యతీమ్‌గా మామూ ఇంట్లో పెరిగిన మనిషి, 43 ఏళ్ల వయసులో మళ్లీ బంధువుల ఇంటి నీడకే చేరారు. ఇక ఆయనకు మిగిలింది పనే.

1941లో ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. పండితుల కోసం కాదు, కిటికీలోంచి పక్షిని చూసి ఇదేమిటని అడిగే మామూలు మనిషి కోసం రాసిన పుస్తకం. రంగు బొమ్మలు, సులువైన మాటలు. జైల్లో ఉన్న నెహ్రూ ఈ పుస్తకాన్ని కూతురు ఇందిరకు అందేలా చేశారు, అప్పుడు ఆమె కూడా ఇంకో జైల్లో ఉన్నారు. తర్వాతి కాలంలో తండ్రీకూతుళ్లిద్దరూ ఈ పక్షుల మనిషి మాట విన్నారంటే దాని వెనక ఆ పుస్తకం ఉంది.

కచ్ సర్వే 1943-44లో, అక్కడి మహారావు ఖర్చుతో జరిగింది. ది బర్డ్స్ ఆఫ్ కచ్ పుస్తకం 1945లో అచ్చయింది. రణ్‌లోకి ఒంటె ప్రయాణం ఆ ఏడాదిదే. అక్కడ ఆయన చూసిన గూళ్లు బురదను కుప్పగా పోసి పైన గుంట పెట్టినట్టుంటాయి. ఒక్కో దానిలో సాధారణంగా ఒకటే గుడ్డు. ఒకదాని పక్కన ఒకటి, కనుచూపు మేర. మన పులికాట్‌కు చలికాలంలో దిగే రాజహంసలను చూసి మనం మురిసిపోతాం. అవి అక్కడ మేతకే వస్తాయి. గుడ్లు పెట్టి పిల్లలను పెంచే చోటుగా రణ్‌కు ఉన్న విలువ వేరు. నీళ్లు మోకాలి లోతుకు అటూ ఇటూ అయిన సంవత్సరం అవి ఆ చోటుకు రానే రావు. దేశ విభజనతో ఆ ప్రాంతం సరిహద్దు అయిపోయింది. ఇప్పుడు అటు వెళ్లాలంటే ఒంటెతో పాటు భద్రతా దళాల అనుమతి కూడా కావాలి.

ఆయన వాహనాల కథల్లో అందరూ చెప్పుకునేది ఇంకొకటి ఉంది. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పక్షి శాస్త్రవేత్తల అంతర్జాతీయ సభ జరిగింది. 53 ఏళ్ల సలీం అలీ తన సన్‌బీమ్ మోటారు సైకిల్‌ను బొంబాయిలో ఓడ ఎక్కించి, తానూ అదే ఓడలో యూరప్ వెళ్లారు. అక్కడ దిగి దేశాలు దాటుకుంటూ బండి మీదే సభకు చేరారు. ఫ్రాన్స్‌లో చిన్న ప్రమాదం జరిగింది, జర్మనీ రాళ్ల రోడ్ల మీద కొన్నిసార్లు పడ్డారు. దుమ్ము కొట్టుకుని సభ దగ్గర బండి ఆపేసరికి, ఈయన హిందుస్తాన్ నుంచి బండి మీదే వచ్చాడని పుకారు పుట్టింది. రాలేదని తెలిశాక ఆయనకు కొంచెం నిరాశ కూడా కలిగిందట, నిజంగా అలా వచ్చి ఉంటే బాగుండేదని.

స్వాతంత్ర్యం వచ్చాక దొరలు వెళ్లిపోతే నేచురల్ హిస్టరీ సొసైటీ డబ్బుల్లేక కుంటుపడింది. 1883లో మొదలైన సంస్థ, మూతపడే పరిస్థితి. చిన్నప్పుడు పిచ్చుకను పట్టుకుని వెళ్లిన ఆ తలుపును తెరిచి ఉంచే బాధ్యత సలీం అలీ మీద పడింది. నెహ్రూకు ఉత్తరం రాసి ప్రభుత్వ సాయం తెచ్చారు. 1950ల చివర మైసూరు రాష్ట్రంలోని క్యాసనూర్ అడవుల్లో కోతులను, మనుషులను చంపే ఒక జ్వరం కనిపించింది. దాని వైరస్‌ను వలస పక్షుల మీది పేలు, గోమార్లు మోసుకొస్తున్నాయా అన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బు ఇచ్చింది. హెలిగోలాండ్ దీవిలో నేర్చుకున్న ఉంగరాల పని ఇక్కడ పెద్ద ఎత్తున మొదలైంది. వేల పక్షులకు ఉంగరాలు తొడిగారు. సైబీరియా నుంచి వచ్చిన పక్షి మన చెరువులో దిగిందని చెప్పగలిగే ఆధారాలు అప్పటి నుంచే పోగయ్యాయి.

ఆ పని కోసం సొసైటీ ఎంచుకున్న చోట్లలో తమిళనాడు తీరం చివరన ఉన్న కోడిక్కరై ఒకటి. వేదారణ్యం దాటి, ఉప్పు మడుల పక్కగా పోతే నేల అంతమయ్యే చోట ఉంటుంది. లక్షల పక్షులు అక్కడ దిగుతాయని గుర్తించి, కాపాడాలని గట్టిగా చెప్పినవాళ్లలో సలీం అలీ ముందువరుస. 1967లో అది అభయారణ్యం అయింది.

అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన హ్యాండ్‌బుక్ 10 సంపుటాలు 1968 నుంచి 1974 మధ్య వచ్చాయి. మొదలుపెట్టేనాటికి ఆయన 70కి దగ్గర. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం. గెట్టీ బహుమతిగా 50,000 డాలర్లు వస్తే, ప్రకృతి రక్షణ కోసం నిధి పెట్టడానికే ఇచ్చేశారు. భరత్‌పూర్ పక్షుల చెరువులకు, కేరళ సైలెంట్ వ్యాలీకి ఆయన మాట అండ అయింది. బట్టమేకను జాతీయ పక్షిగా ప్రకటించాలని వాదించారు గానీ నెమలి గెలిచింది. డిగ్రీ లేదని ఉద్యోగం రాని మనిషికి అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ 1958లో, ఢిల్లీ యూనివర్సిటీ 1973లో, మన ఆంధ్రా యూనివర్సిటీ 1978లో గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి.

ఆయన చివరి రోజుల్లో ఒక మంచి కబురు మన కడప జిల్లా నుంచే వెళ్లింది. కలివి కోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే సైనిక వైద్యుడు గుర్తించాడు. 1900 తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. సొసైటీ తరఫున వెతకడానికి వెళ్లిన భరత్ భూషణ్‌కు 1986 జనవరిలో, సిద్ధవటం వైపు లంకమల అడవి అంచున, ఒక స్థానిక వేటగాడి సాయంతో ఆ పక్షి దొరికింది. రాత్రిపూట మాత్రమే తిరిగే పక్షి, అందుకే 86 ఏళ్లు కంటపడలేదు. పుస్తకాలు లేదన్న పక్షి ఉందని ఊరివాళ్లకు మాత్రం ముందే తెలుసు. ఆ కబురు వచ్చేనాటికి సలీం అలీకి 89 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.

మరుసటి ఏడాది, 1988లో, కలివి కోడి కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. కడప నుంచి బద్వేలు వైపు వెళ్లే దారిలో ఎడమా కుడీ కనిపించే ముళ్ల పొదల అడవి అదే. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడానికి లేదు.